రిలీవర్

ముత్యాలు దగ్గర లామినేషన్ చేయించిన పేపర్ కటింగ్ ఒకటి ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు దాన్ని తీసి బల్ల మీద పెట్టేవాడు. ఆ తర్వాతే పాస్‌పోర్టు సంగతి ఎత్తేవాడు.

ఆ వార్త నేను రాసిందే.

డిసెంబరు నెల, జిల్లా ఎడిషన్, ఐదో పేజీ, మూడు కాలాలు. 'విదేశీ కొలువుకు జూలూరుపాడు యువకుడు' అని శీర్షిక. ఫోటోలో నా బామ్మర్ది బెన్నీ, అతని మెడలో బంతిపూల దండ. పక్కన భార్య హెప్సిబా, ఆమె చంకలో ఎనిమిది నెలల పాప. వెనక చర్చి గేటు. రష్యాలో హెల్పర్ ఉద్యోగం, ఏడాది ఒప్పందం, వసతి భోజనం వాళ్ళదే అని రాశాను. ఈ మూడు సంగతులూ నాకు చెప్పింది ముత్యాలు. ఒప్పందం కాగితం అడిగి తీసుకుని చూశాను. అది రష్యన్‌లో ఉంది. చదవలేకపోయానని వార్తలో రాయలేదు.

ఇరవై ఏడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇంకెవరి బామ్మర్ది అయినా అయితే ఆ కాగితాన్ని ఎవరిచేతనైనా చదివించి ఉండేవాణ్ని.

మా ప్రాంతంలో హెల్పర్ అంటే ఒక అర్థం ఉంది. బొగ్గు బాయిలో ఫిట్టర్ వెనక పానాల సంచి మోసేవాడు హెల్పర్. ఎలక్ట్రీషియన్ పైకెక్కితే కింద నిలబడి నిచ్చెన పట్టుకునేవాడు హెల్పర్. ముందు నడిచేవాడు ఎప్పుడూ వేరే ఒకడుంటాడు. రష్యా దాదాపు రెండేళ్ళుగా ఉక్రెయిన్‌తో యుద్ధం చేస్తోందని మా ఇంట్లో అందరికీ తెలుసు. హెల్పర్‌కు యుద్ధంతో ఏం పని అనుకున్నాం. అందరూ అనుకున్నారు. నేను అచ్చు కూడా వేయించాను.

మా మామ బెంజమిన్ కొత్తగూడెం దగ్గర ఒక బాయిలో ముప్పై ఒక్కేళ్ళు హాలర్ నడిపాడు. బొగ్గు టబ్బులను ఉక్కుతాడుతో లాగే ఇంజనును అక్కడ హాలర్ అంటారు. దాన్ని నడిపేవాడికి టబ్బులు కనిపించవు. అవి ఎక్కడో దూరంగా చీకట్లో ఉంటాయి. అక్కడున్న మనిషి తీగ కలిపితే ఇక్కడ గంట మోగుతుంది. రెండుసార్లు మోగినా, మూడుసార్లు మోగినా, నాలుగుసార్లు మోగినా తాడును ఏదో ఒక రకంగా కదిలించాలి. ఒక్కసారి మోగితే ఆపాలి. ఎందుకని అడగడానికి లేదు. తాడు ముందు మనిషి ఉన్నాడనుకుని ఆపాలి.

మామ రిటైరై జూలూరుపాడులో ఇల్లు కట్టుకున్నాడు. ఆ గంట ఆయన వెంట ఇంట్లోకి వచ్చింది. అన్నం తినేటప్పుడు ఆ ఇంట్లో ఎవరూ చాలు అనరు. గోటితో కంచం అంచు మీద ఒక్కసారి కొడతారు. మా అత్త సవరమ్మ గరిటె ఆపేస్తుంది. పెళ్ళైన కొత్తలో నేను చాలు చాలు అంటూ చేయి అడ్డం పెడితే అందరూ నవ్వారు. నా భార్య గ్రేస్ మోచేత్తో పొడిచి చెప్పింది. "కంచం కొట్టున్రి. లేకుంటే అమ్మ పెడ్తనే ఉంటది."

లోక్‌సభ ఎన్నికల ఎండాకాలం అది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మామ ఇంట్లో భోజనాలకు కూర్చున్నాం. రోడ్డు మీద ప్రచారం జీపు పోతోంది. ఆ జీపు వెనకే ముత్యాలు బండి ఆగింది.

ముత్యాలు మామ చేసిన బాయిలోనే ఏడేళ్ళు బదిలీ పని చేశాడు, పర్మనెంటు వాళ్ళు రాని రోజు వాళ్ళ బదులు. బొగ్గు ఎత్తేవాడు. పర్మనెంట్ కాకముందే మానేసి కాంట్రాక్టర్లకు మనుషులను పంపే పని పట్టాడు. సత్తుపల్లి ఓపెన్‌కాస్టులో టిప్పర్ల మీద బెన్నీని పెట్టిందీ అతనే. అక్కడ కాంట్రాక్టు మారి బెన్నీ ఇంట్లో కూర్చుంటే రష్యా అన్నదీ అతనే.

"అన్నం తింటవా ముత్యాలు?" అంది అత్త.

"తినే వచ్చిన పెద్దమ్మా. మంచి కబురు తెచ్చిన. బెన్నీకి సెలవు మంజూరైంది."

హెప్సిబా పాపను కింద దించి నిలబడింది. అప్పటికి రెండు నెలల్లో బెన్నీ మూడుసార్లు ఫోన్ చేశాడు. ఇంటికొస్తా అన్నాడు, పెట్టేశాడు.

"ఎన్నడొస్తడు అన్నా?"

"గదే చెప్పొచ్చిన చెల్లె. సెలవైతే ఇచ్చిన్రు. ఆ జాగల ఇంకో మనిషి ఉండాలె గదా. రిలీవర్ పోవాలె. రిలీవర్ రాంగనే బెన్నీని ఇడుస్తరు." మామ వైపు తిరిగాడు. "నీకు నేను చెప్పాల్నా పెద్దాయనా? హాలర్ కాడ రిలీవర్ రాకముందు లేసిపోతమా?"

"పోము," అన్నాడు మామ.

ఆ ఒక్క మాట కోసమే ముత్యాలు వచ్చాడు. ఇంకో ఇంటికి వెళ్తే ఇంకో మాట వాడేవాడు. రైతు ఇంట్లో ఏమనేవాడో, ఆటో నడిపేవాడి ఇంట్లో ఏమనేవాడో నాకు తెలియదు. హాలర్ నడిపినవాడి ఇంట్లో రిలీవర్ అన్నాడు.

"మనకాడ్నించి ముగ్గురు పోయిన్రు," అన్నాడు ముత్యాలు. "ఇప్పుడు నలుగురు పోతే పాతోళ్ళంత ఇంటికొస్తరు. మన జానీ ఉండు. పూల్‌సింగ్ కొడుకు రామ్‌సింగ్ ఉండు. సత్తుపల్లి కాడ ఇద్దరు ఒప్పుకున్నరు."

"ముగ్గురిని తేవడానికి నలుగురు ఎందుకు?" అన్నాను.

"ఒకలు స్పేర్ సార్. బాయిల స్పేర్ ఉండరా?"

జానీ బెన్నీ తమ్ముడు. ఇరవై నాలుగేళ్ళు. మోటార్లు రిపేరు చేస్తాడు. తినడం ఆపి ముత్యాలు మొహం చూస్తున్నాడు.

ముత్యాలు ఫోన్‌లో బెన్నీ ఫోటో చూపించాడు. మచ్చల బట్టలు, తలకు టోపీ, వెనక చెట్లు. సెక్యూరిటీ డ్రెస్సు అన్నాడు. ఫోన్ తీసుకుని ఫోటో పెద్దది చేశాను. బెన్నీ ఛాతీ మీద నల్లటి పట్టీ ఒకటి చుట్టి పెట్టి ఉంది. చేయో కాలో తెగితే నెత్తురు పోకుండా బిగించే పట్టీ అది. చర్ల అడవుల్లోకి కూంబింగ్‌కు వెళ్ళే జవాన్ల దగ్గర చూశాను. భద్రాచలం ఆసుపత్రికి తెచ్చినవాళ్ళ తొడల మీదా చూశాను. వంటవాళ్ళు, కాపలావాళ్ళు దాన్ని ఛాతీ మీద పెట్టుకుని తిరగరు.

ఆ సంగతి గేటు దాకా వెళ్ళి ముత్యాలుకు చెప్పాను.

"ఆడ చలి సార్. బెల్టులు గిట్ట ఇస్తరు," అన్నాడు. బండి ఎక్కాడు.

*

మరుసటి ఆదివారం మామ ఇంటి వరండాలో తేల్చుకుందామని కూర్చున్నాం. పూల్‌సింగ్ తండా నుంచి వచ్చాడు. బాయిలో అతను మామ తాడుకు అవతలి కొసన పనిచేశాడు. టబ్బులకు క్లిప్పులు తగిలించేవాడు, తీగ కలిపి గంట కొట్టేవాడు. ఇరవై ఏళ్ళు షిఫ్టులో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పనిచేశారు.

లోపల టీవీ నడుస్తోంది. ఆ యుద్ధానికి ఇంకా ఎంతమంది సైనికులు కావాలని నలుగురు మాట్లాడుకుంటున్నారు. ఒకాయన మూడు లక్షలు అన్నాడు. ఇంకొకాయన ఐదు లక్షలు లేకుండా ఏమీ తేలదన్నాడు. యాంకర్ మధ్యలో ప్రకటనలకు వెళ్ళాడు. వరండాలో మేం నలుగురి గురించి మాట్లాడుకుంటున్నాం. తేడా ఒకటే. ఇక్కడ వాళ్ళకు పేర్లున్నాయి.

"నేను పోత బావా," అన్నాడు జానీ. "నేనేం తుపాకి పట్టను. ఆడ జనరేటర్లు ఉంటయంట. అన్న వచ్చినంక నేనుగూడ సెలవు పెట్టుకుని వస్త."

"నీ సెలవుకు రిలీవర్‌గ ఎవలు పోవాలె? నేనా?" అంది అత్త.

గ్రేస్‌కు నవ్వొచ్చింది. ఆపుకుంది. హెప్సిబా నవ్వలేదు.

"అత్తమ్మా, నవ్వులాట కాదిది," అంది. "పాప ఎవరినిబడితే వాళ్ళను నాన్న అంటుంది. మీ కొడుకు ఆడ ఉన్నడు. మనిషి పోతే వస్తడంటున్నరు. పంపకుంటే ఎట్ల వస్తడు? మీరే చెప్పున్రి."

"ఒక కొడుకును తెచ్చుకోనికి ఇంకో కొడుకును ఇయ్యాల్నా?"

"ఇయ్యమనలే. కొన్నాళ్ళు ఉండి రమ్మంటున్న."

మా ప్రాంతం వాళ్ళ సంగతి రాకపోయినా, వేరే రాష్ట్రాల వాళ్ళు ఆ దేశంలో చిక్కుకున్నారని పేపర్లలో అప్పటికే వచ్చింది. నా దగ్గరున్న కటింగులు తీసి చదివాను. హెల్పర్లని తీసుకుపోయి ముందు వరసకు పంపారని వాటిలో ఉంది.

పూల్‌సింగ్ అంతా విన్నాడు. "ముత్యాలును అడిగిన. వాళ్ళు వేరే ఏజెంట్ల చేతుల మోసపోయినోళ్ళు అన్నడు."

"అతను అట్ల కాక ఎట్ల అంటడు?" అన్నాను.

"నువ్వుగూడ మంచి కొలువే అని రాస్తివి గదా సంసోన్‌సారూ. ఆ పేపరు మా ఇంట్ల చూపిచ్చిండు."

నేను కటింగులు మడిచి జేబులో పెట్టుకున్నాను.

మామ అప్పుడు మాట్లాడాడు. ఒక వానాకాలం రెండో షిఫ్టుకు రావాల్సిన రిలీవర్ వాగు దాటలేక రాలేదని, పదహారు గంటలు హాలర్ దగ్గరే కూర్చున్నానని చెప్పాడు. మా అందరికీ తెలిసిన సంగతే. కింద మనుషులుండగా సీటు వదలడం ఆయనకు తెలియదు. "నా కొడుకు సీటు మీద కూసున్నడు," అన్నాడు. "మనిషిని పంపాలె. అది ధర్మం."

"మామా, ఒకటి అడుగుత," అన్నాను. "బాయిల షిఫ్టు దిగంగనే బత్తీలు ఎక్కడ ఇస్తరు?"

"లాంప్ రూంల."

"ఒక బత్తి రాకుంటే?"

"మనిషి పైకి రాలేదన్నట్టు. ఎతుకుతరు. దొరికేదాక ఎవలు ఇంటికి పోరు."

"అక్కడ బత్తీలు ఎవరు చూసుకుంటున్నరు?"

మామ రోడ్డు వైపు చూశాడు. పూల్‌సింగ్ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. టీవీలో యాంకర్ తిరిగి వచ్చి, ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి అడిగాడు.

ఆ రోజు ఏమీ తేలలేదు. తేలలేదనే అనుకున్నాను. మంగళవారం జానీ మెడికల్ టెస్టుకు ఖమ్మం వెళ్ళివచ్చాడని గ్రేస్ చెప్పింది. బండి మీద తీసుకెళ్ళింది మామ.

ఆ రెండు వారాల్లో బెన్నీని వెనక్కి రప్పించమని నేను మూడు ఆఫీసులు తిరిగాను. ఒక చోట అర్జీ తీసుకుని నంబరు ఇచ్చారు. ఒక చోట ఎన్నికల కోడ్ ఉంది, తర్వాత రండి అన్నారు. మూడో చోట ఒక ఉద్యోగి ఒప్పందం కాగితం తిప్పి చూసి, "సంతకం అతనిదేగా?" అన్నాడు. అతనిదే అన్నాను. "మరింకేంటి?" అన్నాడు. అతను చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టాడని చెప్పాను. "చదవకుండా ఎందుకు పెట్టాడు?" అని అడిగాడు. అతని బల్ల మీద టీ గ్లాసు కింద పెట్టుకున్న పేపరు మాదే. ప్రచారానికి వచ్చిన ఒక నాయకుడు జీపు మీద నుంచే హెప్సిబాకు దండం పెట్టి, గెలిపిస్తే నెల తిరక్కుండా మీ ఆయన్ను తెస్తానన్నాడు. పక్క వీధిలో బోరు వేయిస్తానన్న గొంతుతోనే అన్నాడు.

*

మే ఐదు, ఆదివారం. బెన్నీతో మాట్లాడిస్తానని ముత్యాలు ముందే చెప్పాడు. పన్నెండు దాటాక వచ్చి ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అత్త కంచాలు పెట్టేసింది. జానీ, నేను, మామ నేల మీద కూర్చున్నాం. ముత్యాలు ఆ రోజు కూడా తినే వచ్చానన్నాడు.

పన్నెండు నలభైకి మోగింది. ముత్యాలు స్పీకర్ పెట్టాడు. నేను నా ఫోన్‌లో రికార్డు నొక్కాను. అలవాటు.

"నాయినా, నేను బెన్నీని."

"చెప్పు బిడ్డా."

"మంచిగున్న. తిండి మంచిగున్నది. పని అల్కగున్నది. అందరు మంచిగ చూస్తున్నరు."

చదువుతున్నట్టుంది. వెనక ఎవరో వేరే భాషలో ఒక మాట అన్నారు.

"ఏమయ్యా, పాప నడుస్తుంది," అంది హెప్సిబా.

"నడుస్తుందా?" అన్నాడు. ఆ మాట చదివింది కాదు. "ఎప్పటిసంది?"

"పదిహేను రోజులాయె."

వెనక గొంతు మళ్ళీ వినిపించింది. బెన్నీ మళ్ళీ మొదలుపెట్టాడు.

"జానీని పంపున్రి."

టంగ్ మని చప్పుడైంది. రేకు గ్లాసుకు గోరు తగిలినట్టు.

"ముత్యాలన్న చెప్పినట్టు చెయ్యున్రి. తమ్ముడు రాంగనే నేనొస్త. జల్దీ పంపున్రి."

మళ్ళీ టంగ్ మంది. ఒక్కసారే.

జానీ కంచంలో అన్నం పెట్టబోతున్న అత్త చేయి ఆగిపోయింది. గరిటెలో అన్నం గరిటెలోనే ఉంది.

జానీ తల పైకెత్తాడు. "నేను కొట్టలేదమ్మా," అన్నాడు.

లైను తెగిపోయింది.

ముత్యాలు ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఇన్నరు గదా. ఇంక నేను చెప్పేదేం లేదు. బుధవారం జానీని తయారుగుండమనున్రి."

మామ లేచి బయట కుళాయి దగ్గర చేయి కడుక్కుని వచ్చాడు. అప్పటికి ఆయన రెండు ముద్దలు తిన్నాడేమో.

"జానీ రాడు," అన్నాడు.

"అదేంది పెద్దాయనా? నీ కొడుకే పంపుమనె గదా, నీ చెవుల బడంగ."

"అవ్. పంపుమన్నడు."

"మరి?"

"రాడు. నువ్వు పో."

ముత్యాలు అందరి మొహాలూ చూశాడు. నా మొహం కూడా చూశాడు. ఏం జరిగిందో అతనికి అందలేదు. ఏడేళ్ళు బొగ్గెత్తాడు గాని హాలర్ గదిలో ఎన్నడూ కూర్చోలేదు. ఆ ఇంట్లో ఒక్క పూట అన్నం తిన్నా తెలిసేది.

అతను వెళ్ళాక హెప్సిబా ఏడ్చింది. "ఫోన్‌కు ఏదో తగిలింది. గదానికే నా మొగణ్ని ఆడ ఇడిసిపెడ్తరా?"

"రెండుసార్లు తగిలిందమ్మా," అన్నాను. "రెండుసార్లూ పంపమన్న మాట వెనకే తగిలింది. నడుస్తుందా అన్నప్పుడు తగల్లేదు."

"మీకందరికి జానీ మీదనే పానం. ఆయన బతికున్నడో లేడో మీకెందుకు?"

రెండు రోజులకు పాపను ఎత్తుకుని వైరాలో పుట్టింటికి వెళ్ళిపోయింది. జానీ బస్సు దాకా సంచి మోస్తానంటే ఇవ్వలేదు.

*

ఫోన్ వచ్చిన ఆ మధ్యాహ్నమే మామను బండి ఎక్కించుకుని తండాకు వెళ్ళాను. పూల్‌సింగ్ ఇంటి ముందు మంచం మీద కూర్చుని రికార్డింగ్ వినిపించాను. మామ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. మొదటి చప్పుడుకే పూల్‌సింగ్ మామ వైపు చూశాడు.

"ఒకటే," అన్నాడు.

"ఒకటే," అన్నాడు మామ.

"రామ్‌సింగ్ పోడు."

రామ్‌సింగ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డిగ్రీ చదివాడు. బాయి ఎట్లా ఉంటుందో చూడలేదు. "ఏంది బాపు, టంగ్ మంటే ఆగాల్నా? మనిషి నోటితోని పంపుమంటుండు. మీ ఇద్దరికి బాయి ఇంక ఇడువలేదా?" అన్నాడు.

"నీకు మాట కావాల్నా?" అన్నాను. "రేపు పేపర్లో వస్తుంది చూడు."

ఆ సాయంత్రం వార్త రాశాను. బెన్నీ ఏమన్నాడో కొటేషన్లలో పెట్టాను. చప్పుడు ఎప్పుడెప్పుడు వచ్చిందో రాశాను. ఆ ఇంట్లో ఆ చప్పుడుకు అర్థమేమిటో, బాయిలో దాని అర్థమేమిటో రాశాను. ఫోటోలో పట్టీ గురించి రాశాను. డిసెంబరు వార్తలో నేను కాగితం చదవకుండా రాశానని కూడా రాశాను.

డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. నేను పని నేర్పినవాడే.

"సంసోను గారూ, చప్పుడును ఎట్లా వేస్తాం? అతనే కొట్టాడని ఆధారం ఉందా?"

"రెండు ఇళ్ళలో ముసలివాళ్ళకు తెలిసిన ఆధారం ఉంది."

"అది చాలదు సార్. మీరే చెప్పేవారు కదా, అన్నది రాయండి, అనుకున్నది రాయకండి అని."

చెప్పేవాణ్నే. అయితే వార్త మొత్తం ఆపమన్నాను. సరే చూస్తానన్నాడు.

తెల్లారి ఎన్నికల వార్తల మధ్య రెండు కాలాల్లో వచ్చింది. 'క్షేమంగా ఉన్నా... తమ్ముణ్నీ పంపండి' అని శీర్షిక. చప్పుడు లేదు. పట్టీ లేదు. డిసెంబరు లేదు. కొటేషన్లలో ఉన్నవన్నీ బెన్నీ అన్న మాటలే. ఒక్క అక్షరం తప్పు లేదు. పైన నా పేరు ఉంది.

డెస్క్‌కు ఫోన్ చేశాను. తిట్టాను. పేజీ నిండలేదు సార్ అన్నాడు. సవరణ వేయమని రాసి పంపాను. తప్పేదో చూపించండి అని జవాబు వచ్చింది.

బుధవారం ఉదయం రామ్‌సింగ్ బ్యాగు తీసుకుని ఖమ్మం బస్సు ఎక్కాడు. ముత్యాలు ఖమ్మం స్టేషన్‌లో ఉంటాడట. పూల్‌సింగ్, మామ, నేను బస్టాండుకు వెళ్ళేసరికి బస్సు కదులుతోంది. పూల్‌సింగ్ పరుగెత్తి బస్సు ఒంటి మీద అరచేత్తో ఒక్కసారి కొట్టాడు. డ్రైవర్ బ్రేకు వేశాడు. బస్సుల్లోనూ ఒక్కటంటే ఆగడమే.

"దిగు బిడ్డా," అన్నాడు పూల్‌సింగ్.

రామ్‌సింగ్ కిటికీలోంచి మడిచిన పేపరు చూపించాడు. నా వార్త. "మాట కావాల్నా అని సారే అడిగిండు గదా. వచ్చింది. సదువుకో."

"ఎక్కేవాళ్ళెవరు?" అన్నాడు కండక్టర్. ఎవరూ ఎక్కలేదు. అతను గంట రెండుసార్లు కొట్టాడు. బస్సు వెళ్ళింది.

పూల్‌సింగ్ అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు.

*

రిలీవర్లు ముగ్గురు వెళ్ళారు. పాతవాళ్ళలో ఒక్కరూ రాలేదు. మే ఐదు తర్వాత బెన్నీ నుంచి ఫోన్ లేదు. జూన్ నెలాఖరు దాకా రామ్‌సింగ్ నుంచి వచ్చాయి, తర్వాత అవీ ఆగాయి. ఆఫీసులో ఇప్పుడు అర్జీకి రెండో నంబరు ఇచ్చారు. జీపు మీది నాయకుడు ఎవరి ఫోనూ ఎత్తడు. టీవీలో లెక్క ఏడు లక్షలకు వెళ్ళింది.

జూలైలో మొదటి వాన పడ్డ వారం హెప్సిబా మా విలేకరుల గదికి వచ్చింది. వైరా నుంచి బస్సులో వచ్చింది, పాపను వాళ్ళమ్మ దగ్గర వదిలింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ముత్యాలు నిన్న మా ఇంటికొచ్చిండు అన్నయ్యా," అంది. "రామ్‌సింగ్ పోయింది వేరేటోళ్ళ జాగలంట. బెన్నీ జాగ అట్లనే ఉన్నదంట. జానీ రాలేదు గద, నా తమ్ముణ్ని పంపితే బెన్నీ వస్తడంటుండు. నా తమ్ముడు పోతనంటుండు. మా నాయినగూడ పొమ్మంటుండు."

"నువ్వేమన్నవ్?"

"వద్దన్న. ఎందుకని అడిగిన్రు. నాకు చెప్పరాలే." బల్ల మీది పేపరు వైపు చూసింది. "ముత్యాలు కటింగులు పెట్టిండు మా నాయిన ముంగట. రెండున్నయ్. ప్లాస్టిక్ ఏయిచ్చిండు. రెండూ నీవే."

గదిలో ఇంకో ఇద్దరు విలేకరులు టైపు చేస్తున్నారు. వాళ్ళ వేళ్ళు ఆగాయి.

"ఆ ఫోన్ ఉన్నదా నీకాడ? ఆనాటిది?"

ఉందన్నాను. వినిపించాను. నిలబడే వింది. 'నడుస్తుందా' అన్న దగ్గర కళ్ళు మూసుకుంది. మొదటి చప్పుడుకు తెరిచింది. రెండో చప్పుడు దాకా కదల్లేదు.

"మా నాయినకు అర్థమైతదా?" అంది.

"మీ నాన్న బాయిలో చేయలేదు కదా."

"చెయ్యలే. అన్నం తింటడు గదా. కంచం కాడ కూసోబెట్టి చెప్త." తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. "నాకు పంపు. ముత్యాలు ఇంకెవరింటికి పోతుండో ఆళ్ళకుగూడ నేనే పంపుత. ఏం కొయ్యకుంట పంపు."

పంపాను. ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. ఏమీ కోయలేదు.